ఆస్పత్రికి లైసెన్సు ఉంది, ఇంటి ముందుకొచ్చే బండికి లేదు

సంపాదకులకు నమస్కారం.

మనసు అదుపు తప్పిన మనిషి కోసమని ఇంటికే వచ్చే టీంలకు లైసెన్సు ఉండాలి, ఆ లైసెన్సుకు రాసిపెట్టిన నిబంధనలు ఉండాలి. ఈ మాట అడగడానికే ఈ ఉత్తరం. నేను ఏఎన్ఎంగా చేరి హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. ఉద్యోగమంతా నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలోనే, వింజమూరు, కలిగిరి, ఉదయగిరి చుట్టూ గడిచింది. ఈ ఉత్తరంలో కోపం కనపడితే కనపడనివ్వండి, చూసింది చూసినట్టు రాయాలంటే కోపం రాకుండా ఎట్లా ఉంటుంది.

మన దగ్గర పురుగుమందు తాగిన మనిషికి 108 వస్తుంది. 2005 ఆగస్టు 15న మొదలైన సర్వీసు అది, ఇప్పుడు పల్లెటూళ్లో చిన్నపిల్లలకు కూడా ఆ నంబరు తెలుసు. అదే మనిషి ఆ డబ్బా కొని మోటారు షెడ్డులో దాచిపెట్టుకుని, అన్నం మానేసి, రాత్రంతా మేలుకుని గోడవైపు చూస్తూ కూర్చుంటే ఎవరొస్తారు? పొగాకు ధర పడిపోయిన ఏడాది కొండపి, కందుకూరు, కలిగిరి వేలం కేంద్రాల చుట్టుపక్కల ఊళ్లలో అలాంటి ఇళ్లు ఉంటాయి. 2015లో ప్రకాశం జిల్లా పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్న వార్తలు మనమంతా పత్రికల్లో చదివాం. తాగాక వచ్చే బండి ఉంది. తాగకముందు వచ్చే బండి లేదు.

ఫోన్ ఉంది కదా అంటారు. ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ మొదలుపెట్టింది, 14416కి చేస్తే రాత్రీ పగలూ ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు నేను చాలామందికి కాగితం మీద రాసిచ్చాను, ఇప్పటికీ ఇస్తాను. కానీ ఫోన్ చేత్తో పట్టుకోగలిగే స్థితిలో ఉన్నవాళ్లకే ఫోన్ పనికొస్తుంది. ఇంట్లోవాళ్లే అన్నంలో ఏదో కలుపుతున్నారని గట్టిగా నమ్మి, గది గడియ పెట్టుకుని, తలుపు తడితే నరుకుతానంటున్న కొడుకు చెవి దగ్గర ఆ తల్లి ఫోన్ ఎట్లా పెడుతుంది? అవతల మాట్లాడేవాళ్లు ఎంత ఓపికపరులైనా అలాంటప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్లమనే చెప్పాలి. తీసుకెళ్లేది ఎవరు అన్న దగ్గరే కథంతా ఆగిపోతుంది.

అక్కడే ప్రైవేటు బండ్లు దూరాయి. మందు మాన్పిస్తాం, పిచ్చి నయం చేస్తాం, ఇంటికే వచ్చి తీసుకెళ్తాం అని బస్టాండ్ గోడల మీద, ఆటోల వెనక అంటించిన కాగితాలు మీరూ చూసే ఉంటారు. ఆ కాగితం మీద ఫోన్ నంబరు ఉంటుంది, డాక్టరు పేరు ఉండదు.

మా వీధిలో జరిగిన సంగతి చెప్తాను. ఆ ఇంటాయన తాగుతాడు, బాగానే తాగుతాడు, తాగి భార్యను కొడతాడు కూడా, ఆ బాధ పడలేక ఆ అమ్మాయి ఆ నంబరుకు ఫోన్ చేసింది. ఆ అమ్మాయిది తప్పని నేను అనను. తెల్లవారుజామున పేరూ ఊరూ లేని తెల్ల వ్యాన్ ఒకటి వచ్చింది, అద్దం మీద "ఆన్ డ్యూటీ" అని ఒక స్టిక్కర్ మాత్రం ఉంది. నలుగురు దిగారు. లుంగీ మీద పళ్లు తోముకుంటున్న మనిషిని వెనకనుంచి పట్టుకుని, దండెం మీదున్న టవల్ లాగి చేతులు వెనక్కి కట్టారు. ఆయన తిరగబడలేదు. "అన్నా, ఒక్క నిమిషం అన్నా, చొక్కా ఏసుకుని వస్తా" అని బతిమాలాడు. వేసుకోనివ్వలేదు. ఒకడు ప్యాంటు జేబులోంచి సిరంజి తీసి చేతికి పొడిచాడు. "ఏం ఇంజెక్షన్ నాయనా అది, నువ్వు నర్సువా, కాంపౌండరువా?" అని నేను అడిగితే "డాక్టర్‌గారు చెప్పిందేలేమ్మా" అన్నాడు. ఏ డాక్టరో చెప్పలేదు. కాగితం మీద ఎవరి సంతకమూ లేదు, గేటు దగ్గరే ఫోన్‌పేలో డబ్బు వేయించుకుని వెళ్లిపోయారు. ఆయన షుగర్ పేషెంటు. రోజూ వేసుకునే మాత్రల షీటు కిటికీలో అట్లాగే ఉండిపోయింది, బండెక్కించిన వాళ్లలో ఒక్కడు కూడా ఏమైనా జబ్బులున్నాయా అని అడగలేదు.

ఆయన ప్రాణాలతో తిరిగొచ్చాడు, కొన్నాళ్లకు మళ్లీ తాగడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆస్పత్రి మాటెత్తితే వణికిపోతాడు. "మళ్లీ వాళ్లను పిలుస్తావా" అని భార్యను రోజూ అడుగుతాడట. అంటే సరైన వైద్యం దొరికే దారి కూడా ఆ ఒక్క తెల్లవారుజామున మూసుకుపోయింది. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే.

ఇక చట్టం సంగతి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 నుంచి అమల్లో ఉంది. మంచి చట్టం, అందరూ చదవాల్సిన చట్టం. మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా దాని కిందికే వస్తాయి. రోగులను ఉంచుకునే ఏ సంస్థ అయినా రిజిస్టర్ చేయించుకోవాలని 65వ సెక్షన్ చెప్తుంది. తనకు తానుగా రాని మనిషిని చేర్చుకోవాలంటే ఆ మనిషి తరఫున నిలబడే నామినేటెడ్ ప్రతినిధి దరఖాస్తు పెట్టాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, అందులో ఒకరు సైకియాట్రిస్టు అయి ఉండాలి, ఇది 89వ సెక్షన్. గొలుసులతో కట్టడాన్ని 95వ సెక్షన్ పూర్తిగా నిషేధించింది. మనిషిని కదలకుండా పట్టి ఉంచాల్సి వస్తే, అప్పటికప్పుడు ప్రమాదం తప్పించడానికి ఇంక వేరే దారే లేనప్పుడు మాత్రమే, సైకియాట్రిస్టు అనుమతితో, ఎంతసేపు ఎందుకు పట్టి ఉంచారో రాసిపెట్టి చేయాలని 97వ సెక్షన్ అంటుంది. స్టాఫ్ తక్కువగా ఉన్నారని కట్టేయకూడదని కూడా అందులోనే ఉంది.

ఇవన్నీ భవనం లోపలి సంగతులు. గేటు బయట, రోడ్డు మీద, మన గుమ్మంలో ఏం జరగాలో ఎవరు చూస్తారు? ఇంటికి వచ్చే టీంకు విడిగా లైసెన్సు తీసుకోవాలన్న మాట ఆ చట్టంలో లేదు. భవనానికి రిజిస్ట్రేషన్ ఉంటే చాలు, బండిలో ఎవర్ని పంపినా అడిగే నాథుడు లేడు. రోగికి అన్నిటికంటే ప్రమాదం ఎక్కువుండేది ఆ గంటా రెండు గంటల్లోనే, అదే గంటా రెండు గంటలకు ఏ నిబంధనా లేదు.

చట్టంలో తలుపు మాత్రం తెరిచే ఉంది. అత్యవసరమైతే రిజిస్టర్డ్ డాక్టరు ఎవరైనా, ఆస్పత్రిలోనే కాదు, ఊళ్లోనే చికిత్స మొదలుపెట్టవచ్చని, అది 72 గంటలకు మించకూడదని, దగ్గర్లోని మానసిక ఆస్పత్రికి చేర్చడం కూడా అందులో భాగమేనని 94వ సెక్షన్ చెప్తుంది. (మన ఊళ్లలో ఆర్‌ఎంపీలని పిలుచుకునే వాళ్లకు ఈ అధికారం లేదు, ఇది గట్టిగా చెప్పాలి.) 21వ సెక్షన్‌లో అయితే, శరీర రోగాలకు అంబులెన్సు ఎట్లా వస్తుందో మానసిక రోగులకూ అట్లాగే, అంతే నాణ్యతతో రావాలని స్పష్టంగా రాశారు. ఇంకేం కావాలి? రాష్ట్ర ప్రభుత్వం దీని కింద నిబంధనలు రాసి మొబైల్ టీంలను ఏర్పాటు చేయడమే మిగిలింది.

ఇక్కడ నా ఉద్యోగంలో నేర్చుకున్నది ఒకటి చెప్పాలి. పిచ్చిలాగా కనిపించేదంతా పిచ్చి కాదు. షుగర్ పడిపోయిన మనిషి తిడతాడు, కొడతాడు, సొంత బిడ్డను గుర్తుపట్టడు. ఎండాకాలంలో ముసలివాళ్లకు సోడియం తగ్గి, పొంతన లేకుండా మాట్లాడతారు. వడదెబ్బకూ అంతే, మెదడుకు పాకిన జ్వరానికీ అంతే, తలకు దెబ్బ తగిలినా అంతే. రోజూ బాగా తాగేవాడు హఠాత్తుగా మానేస్తే, రెండు మూడు రోజులకు ఒళ్లంతా వణుకు, చెమటలు, లేని పాములూ పురుగులూ కనపడటం మొదలవుతాయి, అది సమయానికి చూడకపోతే ప్రాణం పోయే జబ్బు. అలాంటి మనిషిని తాళం వేసిన గదిలో పడేసి, తిక్క కుదిరితే అదే తగ్గుతుందంటే ఏమవుతుంది? ఇంకా కడుపులో మద్యం ఉండగానే మత్తు ఇంజెక్షన్ ఇస్తే ఊపిరే ఆగిపోవచ్చు. అందుకే గ్లూకోమీటరు, థర్మామీటరు, బీపీ మిషను, వేలికి పెట్టే ఆక్సీమీటరు లేకుండా, వాటిని చదవడం వచ్చిన మనిషి లేకుండా ఒక్క బండి కూడా బయల్దేరకూడదని లైసెన్సులో మొదటి మాటగా రాయాలి. అవన్నీ కలిపి పెద్ద ఖర్చేమీ కాదు, ప్రతి పీహెచ్‌సీలో ఉన్నవే.

పోలీసుల గురించి కూడా న్యాయంగా రాయాలి. మతి తప్పి తిరుగుతున్న మనిషి కనిపిస్తే స్టేషన్ అధికారి రక్షణలోకి తీసుకుని, 24 గంటలు దాటకుండా దగ్గరలోని ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలి, లాకప్‌లో పెట్టనే కూడదు, ఇది 100వ సెక్షన్. ఒకసారి మా బస్టాండ్‌లో పసిబిడ్డ తల్లి ఒకామె చీర జారిపోతున్నా తెలియకుండా, బస్సులకు అడ్డంగా నడుస్తూ కనపడింది. కాన్పు తర్వాత కొందరికి వచ్చే తీవ్రమైన మానసిక జబ్బు అది, అత్యవసర కేసు. వచ్చిన హెడ్ కానిస్టేబుల్ కేకలు వేయలేదు. బస్టాండ్ ఊడ్చే ఆమెను పిలిచి, "అమ్మా, నువ్వు పక్కన కూర్చో, నేను ముందర కూర్చుంటా" అని ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ఆయనకు ఈ పనిలో ట్రైనింగ్ లేదు, మనసు ఉంది కాబట్టి చేశాడు. మనసున్న మనిషి ఆ రోజు డ్యూటీలో ఉంటేనే న్యాయం జరగడం ఒక ఏర్పాటు అనిపించుకోదు. పైగా ఖాకీ బట్టలు చూడగానే భయంతో ఇంకా రెచ్చిపోయే రోగులు ఎందరో.

ఈ విషయంలో అమెరికా అనుభవం చూడదగ్గది. ఒరెగాన్ రాష్ట్రంలో యూజీన్ అనే ఊళ్లో వైట్ బర్డ్ క్లినిక్ 1989లో కాహూట్స్ పేరుతో ఒక సర్వీసు మొదలుపెట్టింది. పోలీసులకు బదులు ఒక వైద్య సిబ్బంది, మనిషిని మాటలతో శాంతపరిచే కార్యకర్త ఒకరు కలిసి వ్యాన్‌లో వెళ్లేవారు. అది చాలా ఊళ్లకు నమూనా అయింది. 2020లో మానసిక ఆరోగ్యం చూసే అక్కడి కేంద్ర సంస్థ సామ్సా జాతీయ మార్గదర్శకాలు ఇచ్చింది, వాటి సారం ఏమిటంటే మాట్లాడటానికి ఒక మనిషి ఉండాలి, ఇంటికి రావడానికి ఒక టీం ఉండాలి, వెళ్లడానికి ఒక చోటు ఉండాలి. ప్రత్యేక పరిస్థితి ఉంటే తప్ప పోలీసులు వెంట రానక్కర్లేదన్నారు, అలాంటి జబ్బు అనుభవించి కోలుకున్నవాళ్లను కూడా టీంలో పెట్టుకోమన్నారు. 2021లో చేసిన చట్టంతో, నిబంధనలు పాటించే టీంలున్న రాష్ట్రాలకు అక్కడి కేంద్ర ప్రభుత్వం ఆ టీంల మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా) ఖర్చులో 85 శాతం, మూడేళ్లపాటు భరిస్తానంది. ఆ నిబంధనలు ఏమిటంటే, టీంలో పరీక్ష చేయగల నిపుణులు కనీసం ఒకరు ఉండాలి, రోజుకు 24 గంటలూ వారానికి ఏడు రోజులూ అందుబాటులో ఉండాలి, మనిషిని శాంతపరచడంలో అందరికీ ట్రైనింగ్ ఉండాలి, రోగి వివరాలు బయటికి పొక్కకూడదు. 2022 జులైలో మన 14416 లాంటి 988 అనే నంబరు వచ్చింది. నంబరు, టీం, నిబంధన, డబ్బు, నాలుగూ దగ్గర దగ్గరగా వచ్చాయి కాబట్టే అది కదిలింది. అక్కడా అంతా సవ్యంగా లేదు, ఆ కాహూట్సే 2025 ఏప్రిల్‌లో నిధుల ఇబ్బందులతో యూజీన్‌లో ఆగిపోయింది. పెట్టిన బండికి ఏటేటా డబ్బు ఎక్కడినుంచి వస్తుందో తేల్చకపోతే ముప్ఫై ఏళ్లకు పైగా నడిచిన సర్వీసు కూడా నిలవదని దానివల్ల తెలిసింది.

మన దగ్గర నిబంధనలు రాసేవాళ్లు అన్నిటికంటే ముందు ఒక్కటి పట్టించుకోవాలి. మంచాలు నింపుకుంటే ఆదాయం వచ్చే సంస్థ చేతికి ఇంటికొచ్చే బండి ఇవ్వకూడదు. రొయ్యల వ్యాపారి మనిషినే కాటా దగ్గర కూర్చోబెడితే తూకం ఎట్లా ఉంటుందో ఇదీ అంతే. ఇంటికొచ్చిన టీం "ఈయనకు ఆస్పత్రి అక్కర్లేదు, మాత్రలు మళ్లీ మొదలుపెడదాం, ఎల్లుండి వచ్చి చూస్తాం" అని నిజాయితీగా చెప్పగలగాలి. చాలా కేసులు అట్లాగే సర్దుకుంటాయి. మాత్రలు అయిపోయి, టౌనుకు వెళ్లి తెచ్చుకోలేక, నిద్ర చెడి రోగం తిరగబెట్టినవాళ్లు ఎంతమందో. చేర్పించిన ప్రతి మనిషికీ ఇంత అని కమీషన్ వచ్చే డ్రైవరు ఆ మాట చెప్తాడా?

అందుకని లైసెన్సును జిల్లా స్థాయిలో, వైద్యశాఖ ఇచ్చి, వైద్యశాఖే రద్దు చేయగలిగేట్టు ఉండాలి. టీంలో మానసిక వైద్యంలో ట్రైనింగ్ ఉన్న స్టాఫ్ నర్సు ఒకరు, కౌన్సిలరో సోషల్ వర్కరో ఒకరు, ఫోన్‌లో ఎప్పుడు చేసినా ఎత్తే సైకియాట్రిస్టు ఒకరు ఉండాలి. రోగి ఆడమనిషి అయితే టీంలో ఆడమనిషి లేకుండా గుమ్మం తొక్కకూడదు. మెడలో ఫొటోతో కార్డు, బండి మీద లైసెన్సు నంబరు, ఫిర్యాదు చేయాల్సిన నంబరు, అన్నీ తెలుగులో, దూరంనుంచి చదవగలిగే సైజులో. తాడు, టవల్, గొలుసు బండిలో ఉంటే ఆ రోజే లైసెన్సు పోవాలి. ఇంట్లోవాళ్లలో ఒకరిని బండిలో ఎక్కించుకోవాలి, ఎక్కడికి తీసుకెళ్తున్నారో రాసిచ్చి సంతకం పెట్టాలి, వేసుకునే మాత్రలు వెంట తీసుకెళ్లాలి. గుమ్మం దగ్గర డబ్బు తీసుకోకూడదు, ఈ సర్వీసు ఉచితంగానే ఉండాలి. ట్రైనింగ్ ఒకసారి సర్టిఫికెట్ ఇచ్చి వదిలేసేది కాదు, లైసెన్సు రెన్యువల్ చేసుకునే ప్రతిసారీ మళ్లీ జరగాలి. వచ్చి వెళ్లాక ఆ కేసు కాగితం ఊరి ఏఎన్ఎంకు, ఆశాకు చేరాలి, రెండు మూడు రోజుల్లో ఎవరో ఒకరు ఆ ఇంటికి వెళ్లి చూడాలి. ఈ చివరిది జరగకపోతే మిగతావన్నీ చేసినా పెద్ద ప్రయోజనం ఉండదు, ఎందుకంటే రోగం తిరగబెట్టేది బండి వెళ్లిపోయాకే.

దూరాల సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఉదయగిరి నుంచి నెల్లూరుకు దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు, సీతారాంపురం ఇంకా అవతల. కనిగిరి నుంచి ఒంగోలుకు ఎనభై పైమాటే. జిల్లా కేంద్రంలో ఒక బండి పెట్టి జెండా ఊపితే నగరంలోని వాళ్లకే అందుతుంది. బండ్లు ఉదయగిరిలో, ఆత్మకూరులో, కనిగిరిలో, గిద్దలూరులో ఉండాలి. అన్నిచోట్లా ఇద్దరు నిపుణులు దొరకరంటే అమెరికాలో కొన్ని రాష్ట్రాలు పల్లెలకు చేసినట్టు ఒకరు ఇంటికి వెళ్లి, రెండోవాళ్లు వీడియోలో కూర్చోవచ్చు. నిబంధన కఠినంగా ఉండాల్సింది మనిషిని ముట్టుకునే దగ్గర, మందు ఇచ్చే దగ్గర, తీసుకెళ్లే దగ్గర. డిగ్రీల దగ్గర కాస్త వెసులుబాటు ఇవ్వకపోతే మెట్టప్రాంతానికి ఏ బండీ రాదు, మళ్లీ ఆ పేరులేని వ్యాన్లే దిక్కవుతాయి.

డాక్టర్లే లేని చోట లైసెన్సులెందుకని మా రిటైర్డ్ స్టాఫ్‌లోనే కొందరు నాతో వాదించారు. నా జవాబు ఒక్కటే, డాక్టర్లు లేరని ప్రైవేటు బండ్లు ఆగాయా? మా జిల్లాలోని ఏఎస్ పేట దర్గాకు, ఇంకా ఎన్నో చోట్లకు, మనసు బాగోలేని తమవాళ్లను తీసుకుని వందల కుటుంబాలు వస్తాయి. నమ్మకాన్ని నేను తప్పుపట్టను. ఆ కుటుంబాలు అంత దూరం, అంత కష్టపడి తీసుకొస్తున్నాయంటే తమవాళ్లు బాగవ్వాలన్న ఆశ ఎంత ఉందో చూడండి. ఆ ఆశ ఉన్న చోటికి చదువుకున్న మనిషి, చేతిలో మాత్రలతో, నోట్లో మెత్తని మాటతో వెళ్తే కాదనేవాళ్లు ఎవరూ ఉండరు.

మీ పత్రికను నేను ఒకటి కోరుతున్నాను. ఇంటికొచ్చి రోగులను తీసుకెళ్తామని ప్రకటించుకుంటున్న కేంద్రాలు నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల్లో ఎన్ని ఉన్నాయి, అందులో చట్టప్రకారం రిజిస్టర్ అయినవి ఎన్ని, వాటి బండ్లలో వెళ్లేది ఎవరు, ఇంజెక్షన్ ఇచ్చేది ఎవరు అని మీ విలేకరులతో మండలాల వారీగా అడిగించి అచ్చు వేయండి. జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసునూ అవే ప్రశ్నలు అడగండి, వాళ్లు చెప్పిన జవాబు ఉన్నదున్నట్టు వేయండి.

— రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజర్, వింజమూరు, నెల్లూరు జిల్లా